బొందు కాస్త వెడల్పుగా ఉంటే ఏం పోయింది?

కొందరు బొందు అంటారు, కొందరు నాడా అంటారు. పేరేదైతేనేం, రోజూ చీర కట్టుకునే చాలామంది నడుం మీద అది గీసిన నల్లటి చార ఒకటి ఉంటుంది. మా అమ్మకుంది, మా అత్తగారికుంది, నాకూ ఉంది. పుట్టుమచ్చలాగా అదీ ఒంట్లో భాగమే అనుకుంటాం తప్ప ఎందుకు పడిందని అడగం.

ఒక్కసారి ఆలోచించండి. పట్టుచీర బరువు, దోపుకున్న కుచ్చిళ్ళు, లంగా అన్నీ వేలాడేది ఆ సన్నటి తాడు మీదే. ఎక్కడ జారిపోతుందోనని ఊపిరి బిగబట్టి మరీ లాగి కడతాం. అదే బిగువు అంగుళం వెడల్పు పట్టీ మీద పడితే సర్దుకుంటుంది. పావు అంగుళం తాడు మీద పడితే నాలుగింతలు ఒత్తుతుంది.

బటువా సంచికైతే సన్న తాడే బావుంటుంది. రెండు తాళ్ళు ఎదురెదురుగా దూర్చి లాగితే మూతి ముడుచుకుంటుంది. చేతికి తగిలించుకుంటే లోపలి బరువుకే ఇంకా బిగుస్తుంది. గుడ్డకి నొప్పి తెలీదు కదా! మన నడుం సంచి మూతి కాదు. మగవాళ్ళ ప్యాంటుకేమో వెడల్పాటి తోలు బెల్టు, పైగా భోంచేశాక వదులు చేసుకోడానికి వరసగా చిల్లులూను.

ఇది ఒట్టి దురద, మచ్చలతో పోయే సంగతైతే ఇంత రాయను. ధోవతి బిగువు వల్ల నడుం దగ్గర వచ్చే క్యాన్సర్ గురించి ఖనోల్కర్, సూర్యాబాయి అనే బొంబాయి పరిశోధకులు 1945లోనే రాశారు. చీర కట్టే ఆడవాళ్ళలోనూ అలాంటిది కనబడింది. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో మన దేశపు డాక్టర్లు ఇద్దరు పెద్దావిడల గురించి రాశారు. ఒకావిడకి నడుం పక్కన పుండు ఏడాదిన్నరగా మానలేదు. రెండో ఆవిడకి రెండేళ్ళు. ఈవిడ లంగా కూడా కట్టేది కాదు, చీరనే నడుముకి బిగించి కట్టేది. అంటే తప్పు తాడుది కాదు, ఏళ్ళ తరబడి ఒకేచోట పడే బిగువుదీ ఒరుపుదీ. ఇది చాలా అరుదు, హడలిపోకండి. కానీ అన్నాళ్ళు పుండుతోనే చీర కట్టుకుని తిరిగారే, అదే నన్ను బాధపెట్టింది.

మ్యాచింగ్ సెంటర్లో రెడీమేడ్ లంగా కొంటే అందులోని నైలాన్ తాడు తీసేసి, పిన్నీసుతో అంగుళం నూలు పట్టీ దూర్చుకోండి. దూర్చే మడత ఇరుకైతే టైలర్ చేత విప్పి కుట్టించండి. "అందరూ ఇలాగే వేసుకుంటారమ్మా" అంటాడు, అననివ్వండి. ముడి రోజూ ఒకేచోట పడకుండా కాస్త పైకో కిందికో, ఈ పక్కకో ఆ పక్కకో మార్చండి. ఇంటికి రాగానే వదులు చేయండి.

అమ్మనీ అత్తగారినీ ఓసారి నడుం చూపించమనండి. సిగ్గుపడతారు, "ఏం లేదులే, ఒరుసుకుంది" అంటారు. పుండు ఉండి, రెండు మూడు వారాలైనా మానకపోతే మాత్రం పసుపు అద్ది ఊరుకోక చర్మం డాక్టరుకి చూపించండి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తారు.