అడవిబాటలో సైకిలు
పరకాలలో మంచు గడ్డకట్టదు. పుష్యమాసపు వేకువన పొగమంచు మాత్రమే కమ్ముకుంటుంది. అలాస్కాలోనో, మంచు పేరుకొన్న అడవిబాటలలో నాలుగంగుళాల వెడల్పు టైర్లుగల సైకిళ్ళు తొక్కుతారు. వాటిలో గాలి తక్కువగా నింపుతారు. అందువలన టైరు మెత్తబడి, నేలపై పరచుకొని, బరువును పంచుకొని, మంచులో దిగబడక సాగుతుంది. మన మామూలు సైకిలుకైనా గాలి కొంత తగ్గిస్తే ఇసుకబాట సులువవుతుంది.

1213 నాటి రామప్పగుడికి విహారయాత్ర పోయినప్పుడు మనం అడవిని బస్సు కిటికీలోనుండే చూచి వస్తున్నాము. సైకిలు పేదవాని బండి అని మన యువకులు సిగ్గుపడుతున్నారు. ఈ శీతకాలం బస్సుపై సైకిళ్ళు వేసుకొని పోయి, అక్కడి బాటలలో ఒక ఉదయం తొక్కుటకు కమిటీ పెద్దలు అనుమతించాలి. విద్యార్థినులను మినహాయించరాదు. ఆడపిల్లలకు అడవిబాట ఏల అని బిగుసుకొనుట తగదు. బిగిసిన చక్రమే ముందుగా దిగబడుతుంది.