చేపపిల్ల వంశమేది?

వానాకాలంలో కరీంనగర్ చెంతనున్న దిగువ మానేరు జలాశయానికీ, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కడెం జలాశయానికీ, చుట్టుపట్ల చెరువులకూ చేపపిల్లలు వస్తాయి. 2016లో ప్రారంభమైన ఉచిత పంపిణీ పథకం కింద వాటిని లెక్కించి నీటిలో వదలుతారు. లెక్క తప్పిందంటే వివాదం రేగుతుంది. జాతిని గురించి అడిగేవారు మాత్రం అరుదు. నా దృష్టిలో అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

వేలెడంత పిల్లను చూచి జాతిని పోల్చడంలో అనుభవజ్ఞులైన గంగపుత్రులు సైతం తడబడవచ్చు. ఇక్కడ క్రోమోజోములు కొంత దారి చూపుతాయి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను కణంలో 40 క్రోమోజోములుంటాయి. దాని దాయాది మట్టగిడసకు 32. దేశవాళీ మార్పు చేపకు 50, ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌కు 56. ఈ చివరిది తోటి చేపలను మింగి బ్రతికే జాతి. దీని పెంపకాన్ని భారత ప్రభుత్వం 2000లో నిషేధించింది. అయినా చాటుమాటు పెంపకం ఆగలేదు.

అయితే సంఖ్య అన్నివేళలా అక్కరకు రాదు. మత్స్యకారునికి అన్నం పెట్టే బొచ్చె, రోహు, మృగాల మూడింటికీ 50 క్రోమోజోములే. (బంగారుతీగకు మాత్రం 100!) హేచరీలో బొచ్చె, రోహులు కలిసి పుట్టిన సంకరానికీ అంతే. పైగా ఆ సంకరం గొడ్డుది కాదు. నదిలో చేరితే ఉభయ వంశాలలోనూ ఆ కల్తీ తరతరాలకు ప్రాకుతుంది.

అక్కడ డి.ఎన్.ఎ. పరీక్ష అవసరం. క్రోమోజోములను చూడాలంటే బ్రతికున్న చేపలో విభజన చెందుతున్న కణాలు కావాలి. 2003లో కెనడా శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన డి.ఎన్.ఎ. బార్‌కోడ్‌కు చచ్చిన చేప వాజపు ముక్క అయినా చాలు. కాని అది చదివేది మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఎ.ను, అది తల్లి నుండి సంక్రమించేది. రోహు తల్లికీ బొచ్చె తండ్రికీ పుట్టిన పిల్ల ఆ పరీక్షలో అచ్చమైన రోహుగానే తేలుతుంది! అందువలన కణకేంద్రకంలోని జన్యువులను కూడా పరిశీలించాలి. 1983లో స్థాపితమై, నేడు లక్నోలో ఉన్న జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ ఇటువంటి పరిశోధనలకు నిలయం.

ఇన్ని పరీక్షలకు ధనమెక్కడిదని కొందరు ప్రశ్నించవచ్చు. ప్రతి పిల్లనూ పరీక్షించనక్కరలేదు. హేచరీలోని తల్లిచేపలను, తండ్రిచేపలను పరీక్షిస్తే చాలు. లక్షల పిల్లలకు జన్మనిచ్చే ఆ చేపలు స్వల్పసంఖ్యలోనే ఉంటాయి. బొచ్చె అని నమ్మి వదలిన పిల్ల బొచ్చెలా ఎదగకపోతే, ఏడాది పొడవునా ఎదురుచూచిన సహకార సంఘ సభ్యుని నష్టం అంతకంటె చిన్నదా?

కావున సంఘానికిచ్చే రసీదులో పిల్లల సంఖ్య, పొడవు మాత్రమే గాక, వాటి తల్లిదండ్రులను ఎప్పుడు, ఎక్కడ పరీక్షించారో కూడా వ్రాయాలి. వ్రాయనిచో ఆ లారీని చెరువుగట్టు నుండే తిప్పి పంపే హక్కు సంఘానికి ఉండాలి.