అటామిక్ గడియారమా, నా బొందా!

మొన్న ఇండియా వెళ్తూ నాన్నకి ఓ "అటామిక్ క్లాక్" పట్టుకెళ్ళా. టైము దానంతటదే సరిచేసుకుంటుంది, బయట ఎన్ని డిగ్రీలుందో కూడా చూపిస్తుంది అని డబ్బా మీద రాసుంది. నేను తిరిగొచ్చిన వారానికి నాన్న ఫోను: "సిగ్నలు రావట్లేదురా. రోజూ రాత్రి కిటికీలో పెడుతున్నా. నేనే ఏదో తప్పు నొక్కానేమో."

తప్పు ఆయనది కాదు. నాదీ, ఆ డబ్బా మీద రాసినవాడిదీ. అందులో ఉన్నది మామూలు క్వార్ట్‌జ్ గడియారం, ఓ బుల్లి రేడియో. అంతే! అసలు అటామిక్ గడియారాలుండేది కొలరాడోలో. అక్కడ ఫోర్ట్ కాలిన్స్ దగ్గరి డబ్ల్యూడబ్ల్యూవీబీ స్టేషను 60 కిలోహెర్ట్‌జ్ మీద సెకనుకో బిట్ చొప్పున టైము పంపిస్తుంది. అమెరికాలో రాత్రిళ్ళు చక్కగా అందుతుంది, కాదనను. విజయవాడకెలా వస్తుందండీ? పైగా మనం తెచ్చినదాంట్లో ఉన్న నాలుగు టైమ్‌జోన్లూ అమెరికావే!

థర్మామీటరు మాత్రం భేషుగ్గా ఉంది. దాని సిగ్నలు వచ్చేది మా పెరట్లోంచేగా!

"అమెరికాలో మాత్రమే" అని పెద్దక్షరాల్లో అచ్చేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది? వస్తువు చేతకానితనాన్ని వాడేవాడి నెత్తిన రుద్దడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ అలవాటే. "మళ్ళీ ప్రయత్నించండి" అని మెసేజి పడేసి చేతులు దులుపుకోమూ? డెబ్భై ఏళ్ళ మనిషి చేత "తప్పు నాదేనేమో" అనిపించాక, అది సెకను తేడా లేకుండా నడిస్తే ఎంత, ఆగిపోతే ఎంత?