రెక్కలు లేని దేవతలు

దేవదూత అనగానే ఇప్పుడు మన క్యాలెండర్లలోనూ తెల్లని రెక్కలే. కానీ శ్రీకాళహస్తి కలంకారీలో పూలవాన కురిపించే గంధర్వుల్ని గమనించండి. వెనక్కి మడిచిన కాళ్లు, గాలికి లేచిన ఉత్తరీయం కొస, అంతే. ఎగురుతున్నారని కన్ను నమ్మేస్తుంది. ఆ ఒడుపు ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆ చేతిపని మీదే. కరక్కాయ, పాలు పట్టించిన నూలుగుడ్డ మీద వెదురు కలంతో గీత మొదలవుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన కసిం ఆ గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు సంగతి ఇంకా చిత్రం: పటిక నీళ్లు పూసినచోట ముందు రంగే తెలియదు, మొక్కల వేళ్లు వేసి మరిగించాకే తేలుతుంది. రాముడు, కృష్ణుడు నీలం, హనుమంతుడు ఆకుపచ్చ. చదువురానివాళ్లు కూడా రంగును బట్టి కథ పోల్చుకునేవారు. పురాణ కథలే కాదు, ఇదే కలం క్రీస్తు కథనూ గీసింది.

కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. గౌరవం దక్కింది, సంతోషమే. కానీ అచ్చు వేసిన గుడ్డ కూడా కలంకారీ పేరుతోనే అమ్ముడవుతుంటే రోజుల తరబడి కూర్చుని గీసేవారికి కూలి ఎలా గిట్టుబాటవుతుంది? తిరుమల వచ్చినవారిలో చాలామంది కాళహస్తి దర్శనం కూడా చేసుకుని వెళ్తారు. మీరూ అలా వెళ్తే, ఈసారి అక్కడ గుడ్డ కొనేముందు అది చేత్తో గీసిందో కాదో అడగండి.