దొడ్డవరం ఆడబిడ్డ

అద్దంకి బస్టాండులో ఒంగోలు బస్సెక్కి మేదరమెట్ల దాటితే మద్దిపాడు మండలం. దొడ్డవరం అక్కడి ఊరే. భానుమతి 1925 సెప్టెంబరు 7న పుట్టింది అక్కడే. మన వైపు ఆమె ప్రస్తావన వస్తే నటన కంటే, పాట కంటే ముందు ‘పొగరు’ అన్న మాటే వినపడుతుంది. ఆ మాట ఆమెకు అన్యాయం చేస్తోంది.

తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారికి సంగీతమంటే ప్రాణం. కూతురికి పాట నేర్పింది ఆయనే. ఆడపిల్ల సినిమాల్లోకి వెళ్తే పరువు పోయిందనుకునే రోజుల్లో, 1939లో సి.పుల్లయ్యగారి ‘వరవిక్రయం’లో ఆమె కాళింది వేషం వేసింది. కట్నం పోసి కొన్న పెళ్లిని భరించలేక ప్రాణం తీసుకున్న పిల్ల కథ అది.

‘మల్లీశ్వరి’ (1951) చూసినవాళ్లకు సత్రం ఘట్టం గుర్తుండే ఉంటుంది. వానకు తలదాచుకున్న మల్లి ఉల్లాసంగా ఆడి పాడుతుంది. మారువేషంలో ఉన్న రాయలవారితో మల్లి బావ నాగరాజు పల్లకీ పంపించమని వేళాకోళమాడతాడు. పల్లకీ నిజంగానే ఇంటి ముందుకు వస్తుంది. అంతఃపురం చేరాక అదే గొంతులోకి దిగులు ఎలా దిగిందో వినండి. ముఖమూ ఆమెదే, గాత్రమూ ఆమెదే. ఆ రెండూ ఒక్క మనిషివే కావడంతో పాట ఎక్కడ ఆగిందో, మాట ఎక్కడ మొదలైందో తెలియదు.

‘మిస్సమ్మ’ వేషం చేజారిన వైనాన్ని మనవాళ్లు ఎన్ని రకాలుగా చెబుతారో! అందులో సగం ఆసక్తి కూడా ‘చండీరాణి’ మీద కనపడదు. 1953లో ఆ సినిమాను తెలుగు, తమిళం, హిందీ భాషల్లో తీసిన దర్శకురాలు ఆమే. తెర మీద కవల అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఆమే. భర్త రామకృష్ణారావుగారితో కలిసి నడిపిన సంస్థకు కొడుకు భరణి పేరే పెట్టుకున్నారు. వేళకు రావాలి, మర్యాదగా మాట్లాడాలి, పాట తానే పాడాలి అని అడిగే హక్కు ఇంత పని చేసిన మనిషికి లేకపోతే ఇంకెవరికుంది? ఆ పట్టుదలే మగవాడిలో ఉంటే క్రమశిక్షణ అనేవాళ్లం.

కలం పట్టినా అంతే. ‘అత్తగారి కథలు’లోని అత్తగారు ఆవకాయ దగ్గర చేసే హడావిడి, మిరప కల్లాల మధ్య పెరిగిన మనకు ఒకరు విడమర్చి చెప్పాల్సిన పని లేదు. మన ఇళ్లలోని పెద్దావిడే అక్కడ కనపడుతుంది. 1984లో ‘మంగమ్మగారి మనవడు’ వచ్చేసరికి ఆమెకు అరవై దగ్గరపడింది. అయినా టైటిల్లో ఉన్నది ఆమె పాత్ర పేరే. 2001లో పద్మభూషణ్ వచ్చింది. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

అద్దంకి, ఒంగోలు కాలేజీల పెద్దలకు ఒక మనవి. వచ్చే సెప్టెంబరు 7న పిల్లలను కూర్చోబెట్టి ‘చండీరాణి’ ఒక్క ఆట వేయండి. దాన్ని తీసింది మన దొడ్డవరం ఆడబిడ్డ అని ముందే చెప్పండి.