మన మార్కెట్ జాగల వెయ్యి పడకలు సరే, ఊర్ల బీపీ గోలీ ఏది?



కొత్తపేట పండ్ల మార్కెట్‌కు బత్తాయి లోడు తీసుకుపోయినోళ్లకు ఆ జాగ గురించి నేను చెప్పాల్సిన పని లేదు. రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారి తరుగు దగ్గర కమీషన్ ఏజెంట్‌తో కొట్లాడిన జాగ అది. మార్కెట్‌ను బాటసింగారం పంపించారు. ఆ స్థలంలో ఎల్బీ నగర్ టిమ్స్ అని వెయ్యి పడకల ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు.

దానికి నేను వ్యతిరేకం కాదు. నల్లగొండ, సూర్యాపేట దిక్కు నుంచి పోయేటోళ్లకు ఎల్బీ నగరే పట్నం గడప. ఉస్మానియా దాకా ట్రాఫిక్‌ల పోయే తిప్పలు తప్పితే మంచిదే. నా బాధ వేరే.

మా బావకు బీపీ ఉందని ఆరేండ్ల కింద తెలిసింది. సబ్‌సెంటర్‌కు పోతే ఒక నెల గోలీలు ఉండేవి, రెండు నెలలు ఉండేవి కావు. కొనుక్కుంటే కొనుక్కున్నడు, పత్తి ఏరే రోజుల్లో మానేసిండు. తలనొప్పి వస్తే ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకున్నడు. ఆర్ఎంపీని తిట్టి లాభం లేదు, రాత్రి తొమ్మిదింటికి పిలిస్తే బండేసుకొని వచ్చేది ఆయనొక్కడే. ఇప్పుడు బావకు కిడ్నీలు పోయినయ్. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆరోగ్యశ్రీలో పైసలు పడవు, నిజమే. కానీ పోయిన ప్రతి రోజూ పని పోయినట్టే, తోడు పోయే అక్కకూ పోయినట్టే.

చూడండి, కిడ్నీ పోయినంక సర్కారు ఖర్చు పెడుతది. పోకుండా ఆపే గోలీ మాత్రం టైముకు ఊరికి రాదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు. అది ఆసుపత్రిలో చేరినోళ్లకు. నెలనెలా బీపీ చూసి మందిచ్చే పనికి అక్కరకు రాదు.

కాగితం మీద లోటేమీ లేదు. మైదాన ప్రాంతంలో 5 వేల జనాభాకు ఒక సబ్‌సెంటర్, 30 వేలకు ఒక పీహెచ్‌సీ ఉండాలని ఎప్పటి నుంచో లెక్క. ఆరోగ్య బడ్జెట్‌లో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా చెప్పింది. పట్నంలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు పెట్టారు, మనకు పల్లె దవాఖానాలని బోర్డులు మార్చారు. సాగర్ నిండుగ ఉన్నా చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోతే ఎట్లుంటదో మనకు తెలుసు గదా, ఇదీ అంతే. కాంట్రాక్టు మీద పనిచేసేటోళ్లు ఇంకో నౌకరీ దొరకంగానే పోతరు, ఆ కుర్చీ నెలల తరబడి ఖాళీ.

మన తప్పు కూడా ఉంది. ఆపరేషన్ ఖర్చుకు ఎమ్మెల్యే లెటర్ కోసం నలుగురం కలిసి పోతం. సబ్‌సెంటర్‌ల నర్సమ్మ లేదని ఎన్నడన్నా పోయినమా? గోలీల డబ్బాకు రిబ్బన్ కట్ చేసేటోడు ఉండడు, అందుకే నాయకులకూ అది పట్టదు.

వచ్చే గ్రామసభలో రోడ్డు, మోరీతోపాటు ఇదొక్కటి అడగండి: బీపీ, షుగర్ గోలీలు ఎన్ని వచ్చినయ్, ఎన్ని రోజులు లేవు? స్టాక్ రిజిస్టర్ చూపించమనండి. మా ఊర్ల నేను అడుగుతున్న. మీ ఊర్ల ఏం జవాబు చెప్పారో కింద రాయండి.