నల్లాకు దిక్కు తెలియదు

ఖమ్మంలో ఒక ఇంట్లో నల్లా అంటారు, పక్కింట్లో కుళాయి అంటారు. పేరేదైనా, వంటింటి సింకు మీద కొత్తది బిగించాల్సి వచ్చినప్పుడు చాలా ఇళ్ళలో వినిపించే ప్రశ్నలు ఒకటే. అది ఈశాన్యంలో పడుతుందా? పొయ్యి పక్కనే నీళ్ళు ఉండొచ్చా? ఇవాళ శనివారం, ఇనుప వస్తువు ఇంటికి తేవచ్చా? కుళాయి కారే ఇంట్లో లక్ష్మి నిలవదంటారు, అమావాస్య లోపే మార్చేయాలా? వీటిలో ఒక్కటి కూడా మన ఇంటికి వచ్చే నీటిని గురించి అడగదు. ట్యాంకు ఎంత ఎత్తున ఉందనీ, కుళాయి ఏ లోహంతో చేశారనీ, లోపల ఉన్నది వాషరా కార్ట్రిడ్జా అనీ అడగదు. పాడయ్యేవి ఇవి, అడిగేవి అవి. వస్తువు చెడిపోవడానికి గల అసలు కారణాలను దిక్కులకూ తిథులకూ అప్పగించడమే ఈ ఆచారం చేసే పని.

వాస్తు చెప్పేదాన్ని ముందు దాని మాటల్లోనే వినాలి. నీరు ఈశాన్యంలో ఉండాలి, నిప్పు ఆగ్నేయంలో ఉండాలి, దక్షిణాన నీరుంటే కీడు, రెండూ పక్కపక్కన ఉంటే కలహం. ఇది ఇంటికి వర్తించే నియమమైతే ఊరికీ వర్తించాలి. వాస్తు చెప్పేవాళ్ళు ఊరి చెరువు గురించీ, పక్కన పారే వాగు గురించీ ఇదే మాట అంటారు. అయితే పరీక్ష మన కళ్ళ ముందే ఉంది. భద్రాచలం గోదావరి ఎడమ గట్టున ఉంది; ఊరికి నది పడమర, దక్షిణాల వైపు పారుతుంది. ఎదురు గట్టున ఉన్న సారపాక, బూర్గంపాడులకు అదే గోదావరి తూర్పు, ఈశాన్యాల వైపు ఉంది. శాస్త్రం నిజమైతే ఒక గట్టుకు కీడూ రెండో గట్టుకు మేలూ జరగాలి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు దాటి పోలేదు గానీ, మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తుంచుకోవాలి. ఆ వరదలు రెండు గట్లనూ ముంచాయి. ఏ ఇల్లు మునుగుతుందో, ఏది మిగులుతుందో తేల్చింది ప్రధానంగా నేల ఎత్తే, దిక్కు కాదు. అంత పెద్ద నది పాటించని దిక్కును అరంగుళం కుళాయి పాటిస్తుందని ఎలా నమ్మడం?

కారే కుళాయి మాట కాస్త వేరు. ఇందులో ఒక నిజం దాగి ఉంది: నీళ్ళు కారడం నష్టమే. ఆ నష్టానికి లక్ష్మి అని పేరు పెట్టడంతో వచ్చిన చిక్కల్లా, దాన్ని లెక్కపెట్టడం మానేయడమే. సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు. మిల్లీలీటరుకు 20 చుక్కలు వేసుకున్నా రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు, ఏడాదికి దాదాపు 1,575 లీటర్లు. మిషన్ భగీరథ పథకం గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. అంటే ఆ ఒక్క చుక్క ఏడాదికి ఒక మనిషి దాదాపు పదహారు రోజుల నీళ్ళను మింగేస్తుంది. లెక్క తెలిస్తే మరమ్మతు కూడా తెలుస్తుంది. తిప్పుడు కుళాయిలో అరిగిన రబ్బరు వాషరు మారిస్తే సరిపోతుంది. పావు చుట్టు తిరిగే కుళాయిలో సిరామిక్ పలకల మధ్య ఇసుక రేణువు చిక్కి గీత పడితే కార్ట్రిడ్జి మార్చాలి. దోషం అనుకుంటే మాత్రం శాంతికి ఖర్చవుతుంది, చుక్క ఆగదు. అమావాస్య దాకా ఆగితే అన్నాళ్ళూ నీళ్ళు పోతూనే ఉంటాయి.

శనివారం ఇనుము కొనరాదన్న నియమం లోహాల ముందు నిలబడలేదు. వంటింట్లో తళతళలాడే కుళాయిల్లో ఎక్కువ భాగం ఇత్తడివి, పైన క్రోమియం పూత. ఇత్తడి అంటే రాగి, జింకు. ఇనుము దాదాపు ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీలు కుళాయిలో దాదాపు 70 శాతం ఇనుమే. దుకాణంలో పక్కపక్కన పెడితే రెండూ ఒక్కలాగే మెరుస్తాయి. 304 రకం స్టీలుకు సాధారణంగా అయస్కాంతం కూడా అంటుకోదు. మరి శనిదేవుడు ఏ పరీక్ష చేసి ఆగ్రహిస్తాడు? ఇక రాగి పవిత్రం కాబట్టి ఇత్తడి కుళాయి నీళ్ళు శుద్ధమన్న వాదన. రాగికి సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉన్నమాట నిజమే. కానీ అందుకు నీళ్ళు రాగిపాత్రలో గంటల తరబడి నిలవాలి. కుళాయిలోంచి అవి క్షణంలో దాటిపోతాయి. పైగా ఇత్తడిని చెక్కడం సులువు కావడానికి అందులో కొంత సీసం కలుపుతారు. తాగేనీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటరాదని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. అందుకే ఊరూపేరూ లేని చౌక కుళాయి కన్నా ఐఎస్ఐ ముద్ర ఉన్నది మేలు. రాత్రంతా గొట్టంలో నిలిచిన మొదటి నీళ్ళను అంట్లకు వాడి, తర్వాతి నీళ్ళు తాగడానికి పట్టుకోవడం తెలివి. ఈ జాగ్రత్త ఏ పంచాంగంలోనూ ఉండదు.

"పెద్దలు ఊరికే చెప్పరు, పాత ఇళ్ళలో వాస్తుకు అర్థం ఉంది" అంటారు కొందరు. కొంతవరకు ఒప్పుకోవచ్చు. తాటాకు కప్పు కింద కట్టెల పొయ్యి ఉన్న కాలంలో నిప్పుకు ఒక మూల కేటాయించడం, బావిని మురుగుకు దూరంగా తవ్వడం వివేకమే. కానీ అది గాలికీ నిప్పురవ్వకూ మురుగుకూ సంబంధించిన వివేకం. గాలి వాటం మారితే మూల మారాలి, కప్పు స్లాబైతే నియమమే సడలాలి. కారణాన్ని వదిలేసి మూలను మాత్రం పట్టుకుంటే మిగిలేది వివేకం కాదు, దాని పెంకు. ఆచారాలు ఎంత శాశ్వతమో కుళాయి చరిత్రే చెబుతుంది. కలకత్తాకు 1870 ప్రాంతంలో గొట్టపు నీళ్ళు వచ్చినప్పుడు ఛాందసులు వాటిని ముట్టేది లేదన్నారు. అన్ని కులాలవాళ్ళూ ఒకే గొట్టం నీళ్ళు తాగడమేమిటన్నది ఒక అభ్యంతరం. కుళాయిలో తోలు వాషరు ఉంటుంది, మైల అన్నది ఇంకొకటి. చివరికి గొట్టపు నీళ్ళ సౌకర్యమే గెలిచింది. మైల మాట మెల్లగా మరుగున పడింది. ఇవాళ్టి ఈశాన్యం పట్టింపుకూ అంతకన్నా గట్టి పునాది లేదు.

"నమ్మితే పోయేదేముంది, మనసుకు ధైర్యం కదా" అన్నది చివరి అభ్యంతరం. పోయేది చాలా ఉంది. దిక్కు కోసం సింకు జరిపితే గోడ పగులుతుంది, గొట్టం పొడుగవుతుంది, కొత్త అతుకులు వస్తాయి. అతుకు ఉన్నచోటే తేమ పుడుతుంది. మనసుకు ధైర్యం ఇచ్చే నియమమే, అది కుదరనివాళ్ళకు భయం కూడా ఇస్తుంది. అద్దె గదిలో ఉండేవారికి దిక్కు ఎంచుకునే వీలెక్కడిది? ఆ ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా తప్పు సింకుదే అవుతుంది, వైద్యం ఆలస్యమవుతుంది. ఇంకొక్క మాట. సింకు దగ్గర రోజుకు మూడు పూటలా నిలబడేది చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఆడవాళ్ళే. కుళాయి మెడ కింద బిందె పడుతుందా, చెయ్యి అందుతుందా అన్నది వాళ్ళు చెప్పాల్సిన మాట. ఆ సింకులో ఒక్క గిన్నె కూడా కడగని పండితుడు చెప్పాల్సినది కాదు.

కాబట్టి అడగాల్సినవి వేరే ఉన్నాయి. పది మీటర్ల ఎత్తున్న నీరు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి ఇస్తుంది. ఒంటి అంతస్తు ఇంటి మీది ట్యాంకు సింకుకు మూడు మీటర్ల ఎత్తున ఉంటే వచ్చేది 0.3 కిలో. ఎక్కువ ఒత్తిడి కోసం చేసిన ఖరీదైన జల్లు కుళాయి అక్కడ మూలుగుతుంది. వెడల్పు దారి ఉన్న మామూలు సింక్ కాక్ బాగా పోస్తుంది. బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంటే అది సున్నపు కాఠిన్యం. కుళాయి మూతి జల్లెడలో పేరుకునేదీ అదే. విప్పి నిమ్మరసంలో నానబెట్టగల జల్లెడ ఉన్నది కొనాలి. కార్ట్రిడ్జి విడిగా మన ఊళ్ళో దొరుకుతుందా అని కొనే రోజే అడగాలి. బిగించేముందు గొట్టాన్ని కాసేపు వదిలి ఇసుక పోనివ్వాలి.

చర్ల, దుమ్ముగూడెం అడవి అంచున వేసవిలో వాగు ఇసుకలో చెలమ తీసి నీళ్ళు తోడుకునే గూడేలు ఉన్నాయి. అక్కడ ఏ దిక్కున తేమ కనిపిస్తే ఆ దిక్కునే తవ్వుతారు, ఊరిన నీళ్ళు బిందెకు ఎత్తుకుంటారు. నీటి విషయంలో అంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి లేదు: ఉన్నచోట వెతకడం, ఊరేదాకా చూడడం, కొలిచి తోడడం. నల్లా ఉన్న ఇల్లు ఆ మాత్రం చేయలేదా? కొత్త కుళాయి కొనేముందు దిక్సూచి పక్కన పెట్టి, పది లీటర్ల బకెట్టు పాత కుళాయి కింద ఉంచి, నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం చూసి రాసుకోండి. ఆ చీటీ పట్టుకుని దుకాణానికి వెళ్ళండి, ఏ వారమైనా సరే.